వెయ్యి లెక్క

"నీ వేళ్లు ఎంత సన్నగా ఉన్నాయో! నీకైతే ఈ పని చిటికెలో అయిపోతుంది" అంది మా ఓనరమ్మ.

మెచ్చుకోలుగానే అంది. నాకు మాత్రం ఒళ్లు జలదరించింది. ఎందుకంటే దాదాపు ఇదే మాట చిన్నప్పుడు మా ఇంటి అరుగు మీద విన్నాను. అమ్మకు బీడీల ఆకూ తంబాకూ ఇచ్చే టేకేదారు నా చేతులు చూసి, "పిల్ల వేళ్లు మంచిగున్నయి, బీడీలకు కూసోబెట్టు" అన్నాడు. అప్పుడు నాకు తొమ్మిదేళ్లు. అమ్మ అతనికి జవాబు చెప్పలేదు. నన్ను లోపలికి పొమ్మని కళ్లతోనే చెప్పింది. ఆ రోజు అమ్మ నన్ను చేట ముందు కూచోబెట్టి ఉంటే ఇవాళ ఈ వ్యాసం రాసేదాన్ని కాను.

ఓనరమ్మ ఆ మాట అన్నది 2023 డిసెంబరులో. తెలుగు కథల్లో స్త్రీల శ్రమ మీద హైదరాబాదులో పిహెచ్.డి. పూర్తిచేసి, రెండేళ్ల పోస్ట్ డాక్టొరల్ ఫెలోషిప్ మీద పిట్స్‌బర్గ్ వెళ్లాను. ఒక పాత ఇంట్లో పై గది అద్దెకు తీసుకున్నాను. ఇల్లుగలావిడకు డెబ్భై దాటాయి. నర్సుగా చేసి రిటైరయింది. భర్త పోయి నాలుగేళ్లు. తనను పేరు పెట్టి పిలవమనేది. నోటితో అలాగే పిలిచేదాన్ని గానీ నా మనసులో మాత్రం ఆవిడ ఓనరమ్మే. బట్టలుతికే మిషను బేస్‌మెంట్‌లో ఉండేది. అక్కడికి పోవాలంటే ఆవిడ పనిబల్ల పక్కనుంచే పోవాలి. ఆ బల్ల దగ్గర కూచుని ఆవిడ తుపాకి తూటాలు నింపేది.

తూటాలు కొట్లో కొనుక్కుంటారనుకున్నాను గానీ, ఇంట్లో ఆవకాయ పెట్టుకున్నట్టు తయారు చేసుకుంటారని నాకు తెలియదు. అమెరికాలో చాలామందికి అదొక వ్యాపకం. తూటాలో నాలుగు భాగాలుంటాయి. ఇత్తడి కేసు, దాని అడుగున ప్రైమర్, లోపల మందు, మూతిలో గుండు. పేల్చాక గుండు పోతుంది, మందు కాలిపోతుంది, ప్రైమర్ పనికిరాకుండా పోతుంది. కేసు మాత్రం మిగులుతుంది. దాన్ని శుభ్రం చేసి, పాత ప్రైమర్ ఊడగొట్టి కొత్తది పెట్టి, మందు పోసి, గుండు బిగిస్తే మళ్లీ తూటా. ఒక్క కేసును ఇలా చాలాసార్లు వాడుకోవచ్చు. డబ్బు కలిసొస్తుందని కొందరు, తమ తుపాకికి తగ్గట్టు చేసుకోవచ్చని కొందరు ఈ పనికి దిగుతారు.

వీటన్నిటిలోనూ చిన్నది ప్రైమర్. పిస్తోలు తూటాలకు వాడే చిన్నరకం ప్రైమర్ వెడల్పు నాలుగున్నర మిల్లీమీటర్ల లోపే. ముక్కుపుడక అంత. ఒక చిన్న లోహపు గిన్నె, అందులో రవ్వంత పేలుడు పదార్థం, దాని మీద దాగలిలా పనిచేసే చిన్న రేకు. తుపాకి సూది వెనకనుంచి కొట్టగానే ఆ పదార్థం గిన్నెకూ రేకుకూ మధ్య నలిగి మండుతుంది. ఆ మంట కేసు అడుగునున్న రంధ్రంలోంచి పోయి మందును అంటిస్తుంది. దీపావళికి బిళ్లల తుపాకితో ఆడుకున్నవాళ్లకు ఈ సంగతి కొంత తెలిసినట్టే. అమెరికాలో ఇవాళ ఎక్కువగా వాడే ప్రైమర్ రకాన్ని 1860లలో రూపొందించినవాడు ఎడ్వర్డ్ బాక్సర్ అనే బ్రిటిష్ సైనికాధికారి. దాదాపు అదే కాలంలో హైరమ్ బెర్డాన్ అనే అమెరికన్ చేసిన రకం యూరప్‌లో ఎక్కువ వాడకంలోకి వచ్చింది. బాక్సర్ రకంలో కేసు అడుగున నట్టనడుమ ఒకే రంధ్రం ఉంటుంది. అందులోకి పుల్ల దోపితే పాత ప్రైమర్ ఊడి కింద పడుతుంది. ఇంట్లో తూటాలు నింపుకోవడం సులువైంది ఆ ఒక్క రంధ్రం వల్లే.

ప్రైమర్లు వెయ్యి లెక్కన అమ్ముతారు. వందేసి ఉన్న పెట్టెలు పది. ఓనరమ్మ బల్లకు బిగించిన ప్రెస్సు, పిడి ఒకసారి కిందికి లాగితే నాలుగైదు పనులు కలిపి చేసే రకం. అది ప్రైమర్లను ఒక సన్నటి గొట్టంలోంచి ఒక్కొక్కటిగా తీసుకుంటుంది. గొట్టంలో వంద పడతాయి. ఆ గొట్టం నింపడమే అసలు యాతన. ముందు ప్రైమర్లను గాళ్లున్న పళ్లెంలో పోసి, చేటలో బియ్యం కదిపినట్టు కదిపి, అన్నీ ఒకే వైపుకు తిరిగేలా చూసుకోవాలి. తలకిందులైనవి వేలికొనతో తిప్పాలి. తర్వాత గొట్టం మూతిని ఒక్కో ప్రైమర్ మీద పెట్టి మెల్లగా అదమాలి. ఒకటి లోపలికి పోతుంది. మళ్లీ ఇంకోటి. అలా వందసార్లు చేస్తే ఒక గొట్టం. పది గొట్టాలకు వెయ్యి.

ఓనరమ్మకు చేతులకు కీళ్లవాతం. చలికాలం ఉదయాల్లో వేళ్లు ముడుచుకుపోయి కాఫీ కప్పు కూడా రెండు చేతులతో పట్టుకునేది. గొట్టం మీద ముప్ఫై, నలభై సార్లు అదిమేసరికి ఆగి, చేతులు వేడినీళ్లలో పెట్టుకునేది. అలాంటి ఒక ఉదయం నేను బట్టల బుట్టతో దిగుతుంటే ఆవిడ నన్నలా అడిగింది. నా వేళ్లు సన్నగా ఉన్నాయి కదా, రెండు గొట్టాలు నింపిపెడతానా అని.

"నాకు వీలుకాదు, చట్టం ఒప్పుకోదు" అన్నాను.

అది అబద్ధం కాదు. వలసేతర వీసా మీద ఆ దేశంలో ఉన్నవాళ్లు, వేట లైసెన్సులాంటి కొన్ని మినహాయింపులు తప్ప, తుపాకులు గానీ తూటాలు గానీ దగ్గర పెట్టుకోకూడదని అక్కడి ఫెడరల్ చట్టం. తూటా అనే మాటకు ఆ చట్టం చెప్పిన అర్థంలో ఖాళీ కేసూ ప్రైమరూ కూడా ఉన్నాయి. నా వీసా అలాంటిదే. ఆవిడ వెంటనే నొచ్చుకుని, "అయ్యో, నిన్ను ఇబ్బందిలో పెట్టేదాన్ని" అని క్షమాపణ చెప్పింది. నేను బట్టలు మిషన్లో వేసి పైకొచ్చేశాను.

కానీ అది అసలు కారణమూ కాదు. అసలు కారణం చెప్పాలంటే మా ఊరు గురించి చెప్పాలి.

మాది కోరుట్ల దగ్గర పల్లె. నాయన దుబాయిలో ఉండేవాడు. అమ్మ బీడీలు చేసేది. తునికాకును రేకు పెట్టి కత్తిరించి, తంబాకు పోసి, చుట్టి, దారం కట్టి, మూతి మడిచి, కట్టలు కట్టి, గంపలో పెట్టుకుని కార్ఖానాకు పోయేది. కూలి వెయ్యి లెక్కన. వెయ్యి చేస్తే వెయ్యికీ వస్తుందని అనుకోకండి. టేకేదారు కట్టలు తిప్పి తిప్పి చూసి, వదులుగా ఉన్నాయనో సన్నగా ఉన్నాయనో కొన్ని ఏరి పక్కన పడేసేవాడు. వాటికి కూలి లేదు, తిరిగి ఇవ్వడమూ లేదు. ఆకు తక్కువ తూచి ఇస్తే ఆ తరుగు మళ్లీ అమ్మే కొనుక్కుని పూడ్చాలి. రాత్రిపూట అమ్మ దగ్గు వింటూ నిద్రపోవడం మాకు అలవాటు.

1998లో, వానాకాలం మొదట్లో ఒక రాత్రి ఊరి బయట గుట్టవైపు నుంచి కాల్పుల చప్పుడు వినిపించింది. ఆ రోజుల్లో మా ప్రాంతంలో అది వింతేమీ కాదు. పగలు పోలీసులొచ్చేవారు, రాత్రి అన్నలొచ్చేవారు. తునికాకు కట్ట రేటు పెరిగింది అన్నల పోరాటాల వల్లేనని అనుకునే ఆడవాళ్లు మా వాడలో చాలామంది. వాళ్ల కొడుకులనే పోలీసులు తీసుకుపోయేవాళ్లు. ఆ రాత్రి గుట్ట దగ్గర ఎవరు చచ్చిపోయారో పిల్లలకు ఎవరూ చెప్పలేదు. నాలుగు రోజుల తర్వాత మా చెలక ఒడ్డు మీద నాకొక ఇత్తడి కేసు దొరికింది. ఎండలో మెరుస్తోంది. ఈల వేసుకోవచ్చని ఇంటికి తెచ్చాను. అమ్మ చూసి చేట పక్కన పెట్టి లేచింది. నా చేతిలోంచి గుంజుకుని, నా రెక్క పట్టుకుని బావి దగ్గరికి తీసుకుపోయింది.

"ఇది ఇంట్ల ఉండద్దు బిడ్డా. దొరికిందని ఎవ్వలకు చెప్పకు" అని దాన్ని బావిలో వేసింది. నా వేళ్లు బూడిదతో తోమి తోమి కడిగింది. వేలికొనల మీద మరక ఏమీ లేదు. అయినా కడిగింది.

ఓనరమ్మ బేస్‌మెంట్‌లో అలాంటివి బకెట్ల నిండా ఉండేవి. వాటిని దాటుకునే నేను బట్టలుతుక్కునేదాన్ని. ఈ సంగతి ఆవిడకు చెప్పాలనుకుని కూడా చెప్పకుండా వీసా పేరు చెప్పి తప్పుకున్నాను. మన అభిప్రాయం చెప్పాల్సిన చోట రూలు చెప్పి బయటపడటం చదువుకున్నవాళ్లకు బాగా అలవాటు.

జనవరిలో ఆవిడ ప్రైమర్ గొట్టాలు వాటంతటవే నింపే మిషను కొనుక్కుంది. చిన్న అక్షరాలు చదవడం కష్టమని సూచనల పుస్తకం నన్ను చదవమంది. చదవడానికి చట్టం అడ్డు రాదు. బల్లకు నాలుగడుగుల దూరంలో మెట్టు మీద కూచుని చదివాను. నేనొక్కో వాక్యం చదువుతుంటే ఆవిడ ఆ ప్రకారం బిగించుకుంది.

నేను చూసిన మొదటి విషయం ఆ గొట్టం చుట్టూ ఉన్న మందపాటి ఇనుప తొడుగు. ఎందుకో పుస్తకంలోనే ఉంది. ఒక ప్రైమర్ పేలితే అంత ప్రమాదం కాకపోవచ్చు. కానీ గొట్టంలో వంద ఒకదానిమీదొకటి ఉంటాయి. ఒకటి పేలితే మిగతావన్నీ దానితో పాటు పేలగలవు. కాబట్టి కళ్లద్దాలు పెట్టుకోవాలి. గొట్టం మీద ముఖం పెట్టకూడదు. ఇరుక్కుంటే పుల్లతో పొడవకూడదు, బలం చెయ్యకూడదు. ప్రైమర్ల నుంచి రాలే పొడిని ఎప్పటికప్పుడు తుడవాలి. ఆ పేలుడు పదార్థంలో సీసం ఉంటుంది కాబట్టి ఆ గదిలో తినకూడదు, తాగకూడదు, పని కాగానే చేతులు కడుక్కోవాలి. సీసం ఒంట్లో చేరితే గర్భంలో ఉన్న శిశువుకు కూడా చేరుతుందని ఓనరమ్మే చెప్పింది, నర్సు కదా. ఈ హెచ్చరికలన్నీ చదువుతుంటే ఒక ఆలోచన వచ్చింది. అమ్మకిచ్చిన తంబాకు సంచి మీద ఎప్పుడైనా ఎవరైనా ఇలా ఒక్క వాక్యం రాశారా? రాసినా అమ్మకు చదువు రాదు. చదివి వినిపించడానికి మెట్టు మీద నేనున్నాను గానీ, నాకూ ఎవరూ ఆ కాగితం ఇవ్వలేదు.

మిషను పైభాగం వెడల్పాటి గిన్నెలా ఉంటుంది. అందులో వంద ప్రైమర్లు పోసి స్విచ్చి వేస్తే గిన్నె సన్నగా వణకడం మొదలుపెడుతుంది. ఆ వణుకుకి ప్రైమర్లు ఒకదాని వెనక ఒకటి వరసకట్టి, గిన్నె లోపలి అంచు చుట్టూ ఉన్న దారి వెంట మెల్లగా పైకి పాకుతాయి. ఒకచోట దారి సన్నబడి చిన్న గండి ఉంటుంది. సరిగ్గా తిరిగి ఉన్నవి దాన్ని దాటుకుని పోయి గొట్టంలో పడతాయి. తలకిందులుగా ఉన్నవి అక్కడ జారి మళ్లీ గిన్నెలోకే పడతాయి. పడి మళ్లీ వరసలోకి వస్తాయి. టేకేదారు పక్కన పడేసిన బీడీలు గుర్తొచ్చాయి నాకు. రెండు మూడు నిమిషాల్లో వందా గొట్టంలోకి దిగాయి. ఓనరమ్మ చేతులు ఒళ్లో పెట్టుకుని కూచుని చూస్తోంది. ఆవిడ ముఖంలో అంత విశ్రాంతి నేను అంతకుముందు చూడలేదు.

మూడో గొట్టానికి గిన్నె వణుకుతూనే ఉంది గానీ ప్రైమర్లు కదలడం మానేశాయి. గొట్టం మూతి దగ్గర ఒకటి ఓరగా ఇరుక్కుంది. ఆవిడ అలవాటు కొద్దీ బల్ల మీదున్న సూదికోసం చెయ్యి చాపింది. "వద్దు!" అని అరిచాను, తెలుగులోనే. అర్థమైనట్టే ఆగిపోయింది. స్విచ్చి ఆపి, గిన్నె తీసి, నెమ్మదిగా వంచబోతుంటే ఒక ప్రైమర్ జారి, నేల మీద దొర్లి వచ్చి నా కాలి దగ్గర ఆగింది. ఆవిడ వంగలేదు, మోకాళ్లు కూడా నొప్పులే. నేను దాన్ని రెండు వేళ్లతో తీసి అరచేతిలో పెట్టుకున్నాను. బరువే లేదు. చట్టం వద్దన్నదీ నేను వద్దనుకున్నదీ ఒకేసారి నా చేతిలో ఉంది. బల్ల దాకా నాలుగడుగులు నడిచి పళ్లెంలో పెట్టాను.

ఆ తర్వాత నేను చేతులు కడుక్కోవడం ఆవిడ చూస్తూ ఉంది. చాలాసేపు కడుక్కున్నాననుకుంటాను. "ఏమైంది?" అని అడిగింది. అప్పుడు చెప్పాను, గుట్ట గురించి, చెలక ఒడ్డు గురించి, బావి గురించి.

ఆవిడ అంతా విని, "మొదటి రోజే ఎందుకు చెప్పలేదు?" అంది. చెబితే బాధపడతావనుకున్నానన్నాను. "బాధపడేదాన్నే. అయినా చెప్పాల్సింది" అంది.

తర్వాత తన సంగతి చెప్పింది. నలభై రెండేళ్ల సంసారంలో ఆ గదిలోకి తాను కాఫీ ఇవ్వడానికే వెళ్లేదట. బల్ల మీద చెయ్యి వేస్తే భర్త ఊరుకునేవాడు కాదట. "కలగాపులగం చేస్తావు" అనేవాడట. ఆయన పోయాక కొడుకులు సామానంతా అమ్మేద్దామన్నారు. ఆవిడ వద్దంది. పుస్తకాలు ముందు పెట్టుకుని ఒక్కతే నేర్చుకుంది. పదిహేను రోజులకొకసారి ఒక క్లబ్బులో ఆడవాళ్లు కలిసి గురి చూసి కాలుస్తారు. "అక్కడ నన్నెవరూ ఫలానా ఆయన భార్య అనరు. నా గురి గురించే మాట్లాడతారు" అంది.

ఆవిడ పని చేసింది ఆసుపత్రి ఎమర్జెన్సీలో. "తుపాకి దెబ్బ తగిలినవాళ్లను చూశావు కదా?" అని అడిగాను. "చూశాను. పిల్లల్ని కూడా" అంది. "మరి?" అన్నాను. "నేను కాగితం మీద గుండ్రాలకు కాలుస్తున్నాను" అంది. కాసేపాగి, "అది నీ ప్రశ్నకు సరైన జవాబు కాదని నాకూ తెలుసు" అంది.

ఆ సంభాషణ నన్ను చాలా రోజులు వదల్లేదు. నా సిద్ధాంతాలకు ఆవిడ ఎక్కడా సరిగ్గా సరిపోలేదు. భర్త గది తలుపు తీసుకుని లోపలికి నడిచిన స్త్రీ కథ నేను తరగతిలో పాఠంగా చెబితే విద్యార్థినులు చప్పట్లు కొడతారు. కానీ ఆ గదిలో ఉన్నది మందు, సీసం, తూటాలు. ఆవిడకు అది విముక్తి కాదని అనడానికి నేనెవర్ని? అవునని అనడానికీ నోరు రాలేదు.

మార్చిలో మంచు కరిగాక ఆవిడే నన్ను లారెన్స్‌విల్ తీసుకెళ్లింది. పిట్స్‌బర్గ్‌లోనే ఒక పేట అది. అమెరికా అంతర్యుద్ధ కాలంలో అక్కడ అలిఘెనీ ఆర్సెనల్ అనే ఆయుధాగారం ఉండేది. ఇప్పుడు ఆ స్థలంలో పార్కూ బడీ ఉన్నాయి. 1862 సెప్టెంబరు 17న అక్కడ తూటాలు తయారుచేసే ప్రయోగశాల పేలిపోయింది. 78 మంది చనిపోయారు. వాళ్లలో అత్యధికులు యువతులు, బాలికలు. చాలామంది ఐరిష్ వలస కుటుంబాల పిల్లలు. ఎన్నో శవాలు గుర్తుపట్టడానికి వీల్లేకుండా కాలిపోతే దగ్గర్లోని అలిఘెనీ శ్మశానంలో ఒకేచోట పూడ్చారు. అక్కడ స్మారక చిహ్నం ఉంది. రాళ్లు పరిచిన దారి మీద రాలిన మందు పొడికి, బండి చక్రాల ఇనుప పట్టా వల్లో గుర్రపు నాడా వల్లో నిప్పురవ్వ తగిలిందని అప్పట్లో అనుమానించారు. అదే రోజు ఆంటీటమ్ యుద్ధం జరగడంతో ఈ చావులు ఆ వార్తల కింద పడిపోయాయి.

అంతకుముందు అక్కడ మగపిల్లలు పనిచేసేవాళ్లట. వాళ్ల దగ్గర అగ్గిపుల్లలు దొరికాయని మాన్పించి ఆడపిల్లల్ని పెట్టుకున్నారు. ఆడపిల్లలైతే జాగ్రత్తగా ఉంటారు, వేళ్లు చురుగ్గా కదులుతాయి. రెండేళ్లకు, 1864 జూన్ 17న, వాషింగ్టన్ ఆర్సెనల్‌లోనూ ఇలాగే జరిగింది. బాణసంచాకు వాడే గుళికలను బయట ఎండలో ఆరబెడితే అవి అంటుకుని, ఆ నిప్పు స్త్రీలు తూటాలు చేస్తున్న గదిలోకి వచ్చింది. 21 మంది చనిపోయారు. వాళ్ల అంత్యక్రియలకు లింకన్ స్వయంగా వచ్చాడు.

ఇంటికొచ్చి ఆ కాలపు తూటాలు ఎలా చేసేవారో చదివాను. అప్పట్లో సైన్యం ఎక్కువగా వాడినవి కాగితం తూటాలు. కాగితం ముక్కను కొలతకు కత్తిరించాలి. కర్ర కడ్డీకి చుట్టాలి. లోపల గుండు, మందు పోయాలి. దారం బిగించి కట్టాలి. కొస మడవాలి. తర్వాత కట్టలు కట్టాలి.

చదువుతూ చదువుతూ పుస్తకం పక్కన పెట్టేశాను. ఆకు బదులు కాగితం, తంబాకు బదులు మందు. అంతే తేడా. అమ్మ చేతుల్ని నేను కళ్లు మూసుకుని కూడా వర్ణించగలను, ఆ పని నాకు కొత్తగా ఎవరూ చెప్పక్కర్లేదు.

డయాన్ ఎల్సన్, రూత్ పియర్సన్ 1981లో రాసిన వ్యాసం మనలో చాలామంది చదివే ఉంటారు. 'చురుకైన వేళ్లు' ఆడవాళ్లకు పుట్టుకతో రావని, చిన్నప్పటినుంచీ ఇంట్లో కుట్టుపని, వంటపని చేస్తూ తల్లుల దగ్గర నేర్చుకున్న నైపుణ్యమని వాళ్లు వాదించారు. ఇంట్లో నేర్చుకున్నది కాబట్టి అది శిక్షణగా లెక్కకు రాదు. లెక్కకు రాదు కాబట్టి ఆ పనికి నైపుణ్యం అక్కర్లేదని కూలి తగ్గిస్తారు. ఈ వ్యాసాన్ని నా సిద్ధాంత గ్రంథంలో ఉటంకించాను కూడా. అయినా అదే గ్రంథంలో ఇంకోచోట, ఒక కథలో బీడీలు చేసే స్త్రీ గురించి రాస్తూ, ఆమె 'వేళ్ల లాఘవం'లోని సౌందర్యాన్ని ఒక పేజీ వర్ణించాను. పరీక్షకులు ఆ పేజీనే మెచ్చుకున్నారు. ఇప్పుడు దాన్ని తెరిచి చూస్తే అందులో టేకేదారు గొంతు వినిపిస్తోంది. వేళ్లను పొగిడాను. ఆ వేళ్లు ఎంతసేపు పనిచేశాయి, వాటిలోకి ఏం చేరింది, వెయ్యిలో ఎన్నింటికి కూలి రాలేదు అన్నది రాయలేదు.

నన్ను ఎక్కువగా ఇబ్బంది పెట్టింది ఆ మిషనే. డెబ్భై దాటిన ఒక స్త్రీ వేళ్ల నొప్పి తగ్గించడానికి, ఒక్క చిన్న పనికి, ఎవరో బుర్రపెట్టి గిన్నె వణికే లెక్క కట్టారు, గండి వెడల్పు కొలిచారు, ఇనుప తొడుగు పెట్టారు. ఎందుకంటే ఆవిడ కొనుక్కోగలదు. మా అమ్మ నడుమూ వేళ్లూ ముప్ఫై ఏళ్లు అరిగినా ఆమె దగ్గరికి ఏ యంత్రమూ రాలేదు. వస్తే కూలే పోతుందని మా వాడంతా భయపడేది. కేంద్ర ఎక్సైజు ఉన్న రోజుల్లో యంత్రంతో చేసిన బీడీకంటే చేత్తో చేసిన బీడీకి పన్ను తక్కువ. ఉపాధి నిలబెట్టడానికే అలా చేశారంటారు, అది నిజమే కావచ్చు. కానీ ఆ ఉపాధి మా అమ్మ వేళ్లు చవగ్గా దొరికినంతకాలమే. యంత్రం వస్తే ఆకలి, రాకపోతే నొప్పి. ఈ రెండింటి మధ్యే ఎన్నుకోమన్నారు వాళ్లను.

ఆదివారం ఫోన్లో అమ్మకు ఈ మిషను సంగతంతా చెప్పాను. తూటాలని చెబితే భయపడుతుందని మొదట చిన్న ఇత్తడి బిళ్లలన్నాను. తర్వాత ఆగలేక నిజం చెప్పేశాను. ఓనరమ్మకు అప్పటికి చెప్పగలిగాను, అమ్మకు దాచడమెందుకు? అవతల కాసేపు మాట లేదు.

"ముట్టినవా?" అంది.

"ఒక్కటి ముట్టిన."

"చేతులు కడుక్కున్నవా?"

"కడుక్కున్న."

తర్వాత మామూలు గొంతుతో అడిగింది. "ఆమెకు వెయ్యికి ఎంతిస్తరట?"

ఎవరూ ఏమీ ఇవ్వరు, తన ఇష్టానికి తానే చేసుకుంటుంది, పైగా ఆవిడే ఎదురు ఖర్చు పెట్టుకుంటుందన్నాను. అమ్మ నమ్మలేదు. "పైసల్లేకుంట ఎవలన్న వేళ్లు నొప్పి పెట్టుకుంటరా బిడ్డా?" అంది. "ఆ మిషను మంచిగున్నది గని, తలకిందులైంది పారెయ్యదన్నవు సూడు, గది మంచిగున్నది" అని నవ్వింది. నవ్వు దగ్గుగా మారింది. ఫోను పక్కన పెట్టి నీళ్లు తాగుతున్న చప్పుడు వింటూ కూచున్నాను.

2025 వేసవిలో ఫెలోషిప్ అయిపోయి తిరిగొచ్చేముందు ఓనరమ్మ నాకొక బహుమతి ఇవ్వబోయింది. తోమి మెరిపించిన ఖాళీ ఇత్తడి కేసు, దారం కట్టి మెడలో వేసుకోవడానికి వీలుగా చేసింది. ప్రైమర్ లేదు, మందు లేదు. "ఇది నీ బావిలోంచి తీసిందనుకో" అంది. ఆవిడ ఎంత ఆలోచించి ఆ మాట అందో నాకు తెలుసు. కళ్లు చెమర్చాయి.

ఖాళీ కేసు కూడా తూటా లెక్కేనని అక్కడి చట్టం. విమానాశ్రయంలో దొరికితే గొడవ. ఈ రెండు జవాబులూ నా నోటి దాకా వచ్చాయి.

"వద్దు. చట్టం సంగతి కాదు. ఇది నేను ఒంటి మీద వేసుకోలేను. మా ఊళ్లో ఆ రాత్రి ఎవరు పోయారో నాకింకా తెలియదు" అన్నాను.

ఆవిడ తలూపింది. దారం విప్పి కేసును బకెట్లో వేసింది. మిగతావాటితో పాటు అదీ మళ్లీ ఎప్పుడో తూటా అవుతుంది. ఆ సంగతి మా ఇద్దరికీ తెలుసు. తర్వాత ఆవిడ రెండు చేతులూ చాపి నా చేతులు పట్టుకుంది. వంకరపోయిన ఆ వేళ్లు చల్లగా ఉన్నాయి. అవి వెచ్చబడేదాకా పట్టుకునే నిలబడ్డాను.